ఉమ్మడి కార్లు - నగరపాలకుల బాధ్యత

ధర చెల్లించి కారు కొనిన గృహస్థుడు దానిని దినమునకెన్ని గంటలు నడుపును? ఒక గంట, మించిన రెండు గంటలు. తక్కిన కాలమంతయు అది నిలిచియే యుండును. నిలుచుటకు చోటు కావలెను. ఇంటి ఆవరణలో చోటున్నవారు కొందరే. లేనివారికి వీధియే కారుకొట్టము. కాని వీధి అందరి సొత్తు. కారు లేని వృద్ధునకును, బిడ్డ చేయి పట్టి నడచు తల్లికిని అందులో భాగము కలదు. కావుననే కార్ల ప్రశ్న నగరపాలకుల ప్రశ్న అగుచున్నది.

దీనికి కొన్ని నగరములు కనుగొనిన ఉపాయములలో ఉమ్మడి కార్ల పద్ధతి యొకటి. ఇది క్రొత్తది కాదు. 1948లోనే స్విట్జర్లాండునందలి జూరిచ్ నగరమున కొందరు సహకార పద్ధతిపై కార్లను ఉమ్మడిగా వాడుకొనిరి. ఆ దేశముననే 1987లో వెలసిన రెండు సహకార సంఘములు 1997లో ఏకమై మొబిలిటీ అను సంస్థ యైనవి. పద్ధతి సులభము. సభ్యుడు తనకు కావలసిన వేళకు కారును ముందుగా కోరుకొనును. పని తీరిన పిదప తెచ్చిన చోటనే నిలుపును. వాడిన గంటలకును, నడిపిన దూరమునకును సొమ్ము చెల్లించును. భీమా, మరమ్మతు, ఇంధనము సంస్థ చూచుకొనును.

ఇందలి కీలకమొక్కటి గమనింపదగినది. సొంత కారున్నవాడు దాని ధరను మొదటనే చెల్లించినందున, బయలుదేరునప్పుడు పెట్రోలు ఖర్చునే తలచును. ఉమ్మడి కారు వాడువానికి ప్రతి ప్రయాణమునకును పూర్తి వెల కంటికి కనబడును. కనుక బస్సుతో తీరు పనికి అతడు బస్సే యెక్కును.

సంస్థ కార్లను కొనగలదు గాని వీధిని కొనలేదు. నగరపాలకుల సాయము ఇచ్చట అవసరమగుచున్నది. జర్మనీలో వేజర్ నదీతీరముననున్న బ్రేమెన్ నగరము దీనికి మంచి నిదర్శనము. అచ్చట 1990లో ఉమ్మడి కార్ల వాడకము ప్రారంభమైనది. 2003 నుండి నగరమువారు బహిరంగ వీధులలోనే ఈ కార్లకు ప్రత్యేక స్థానములు ఏర్పరచి, వానికి మొబిల్ పుంక్ట్ అని పేరిడిరి. ట్రాము, బస్సు, సైకిలు నిలుపు తావులకు చేరువగా వీనిని నెలకొల్పిరి. 2009లో ఒక ప్రణాళికను ఆమోదించి, 2020 నాటికి 20,000 మంది సభ్యులుండవలెనని లక్ష్యము పెట్టుకొనిరి.

ఆ నగరపు పాత పేటలలో వీధులు ఇరుకు. మూలమలుపులలో జనులు కార్లను అడ్డముగా నిలుపుటచే అగ్నిమాపక శకటము మలుపు తిరుగలేకపోవుట గొప్ప బాధ. నిప్పంటుకొనిన యింటికి ఆ జాగు ప్రాణాపాయము. 2013 నుండి నగరమువారు అట్టి వీధులలో రెండు మూడు ఉమ్మడి కార్లకు చాలిన చిన్న స్థానములను నిర్మించుచు, కాలిబాటను మూల వరకు ముందుకు జరిపి, అడ్డముగా నిలుపుటకు వీలులేకుండ చేసిరి. ఒకే పనితో రెండు ప్రయోజనములు నెరవేరినవి. ఒక్కొక్క ఉమ్మడి కారు సుమారు 16 సొంత కార్లకు బదులుగా నిలుచుచున్నదని 2018 నాటి పరిశీలన తెలిపినది.

చోటిచ్చుట యొక్కటే మార్గము కాదు. క్రొత్త భవనము కట్టువారు ఇన్ని కార్లకు స్థలము చూపవలెనను నిబంధన పెక్కు నగరములలో కలదు. కొంత స్థలమునకు మారుగా ఉమ్మడి కార్లు మొదలగు సౌకర్యములు కల్పింపవచ్చునని బ్రేమెన్ 2013లో సడలింపు నొసగెను. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమువారు 2004లో తమ కార్యాలయపు బండ్లను కొన్నిటిని తగ్గించి, ఉద్యోగులను ఉమ్మడి కార్లు వాడుడనిరి. పాలకులే ఖాతాదారులైనచో సంస్థకు పనివేళలలో నిలుకడయైన రాబడి యుండును. చట్టము కూడ తోడు రావలెను. జర్మనీలో 2017 సెప్టెంబరు 1 నుండి అమలైన కేంద్ర చట్టము ఈ కార్లకు వీధిలో చోటు కేటాయించుటకు త్రోవ చూపినది.

ఐనను సాయమునకు హద్దు తెలియవలెను. పారిస్ నగరము 2011 డిసెంబరులో విద్యుత్ కార్లతో ఆటోలిబ్ అను గొప్ప పథకమును ఆరంభించెను. ఒకచోట తీసికొని వేరొకచోట విడువవచ్చును. సౌకర్యము గొప్పదే, నష్టమును గొప్పదే. ఆ నష్టమును ఎవరు భరింపవలెనను తగవు తీరక, 2018 జూలై 31న అది మూతపడినది. నష్టమెవరిదో, లాభమెవరిదో ఒప్పందము నాడే తేటపడవలెనని దీనివలన తెలియుచున్నది.

ఉమ్మడి కారు తానొక్కటియే నగరమును బాగుచేయజాలదు. నడచుటకు కాలిబాట, ఎక్కుటకు వేళకు వచ్చు బస్సు ఉన్నచోటనే జనులు సొంత కారును విడిచిపెట్టుదురు. ఎప్పుడో ఒకనాడు కావలసిన కారును ఉమ్మడి పద్ధతి సమకూర్చును. అట్లు ఖాళీయైన చోటును మరల కార్లతోనే నింపక, నడచువారికిని, చెట్లకును, పిల్లల ఆటలకును ఒప్పగించుట పాలకుల వంతు. అది చేయనిచో ఈ శ్రమయంతయు వ్యర్థమగును.