కట్ దాచే దూరం

డాక్యుమెంటరీ అంటే ఉన్నదున్నట్టు చూపేదని చాలామంది అనుకుంటారు. యూనివర్సిటీకి వచ్చిన కొత్తలో మేమూ అట్లాగే నమ్మాం. నిజానికి ప్రతి షాట్ వెనకా ఎవరో ఒకచోట నిలబడి ఉంటారు. ఇంకెవరో దాన్ని కత్తిరించి మరో షాట్ పక్కన అతికిస్తారు.

1997 జూలై 11న ముంబై ఘాట్కోపర్‌లోని రమాబాయి కాలనీలో అంబేద్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారు. నిరసనకు దిగిన దళితులపై పోలీసులు కాల్పులు జరిపి 10 మందిని చంపారు. గ్యాస్ ట్యాంకర్లు తగలబెట్టబోతుంటే కాల్చామన్నారు. ఇట్లాంటి చోటే ఎడిటింగ్ సంగతి మనకు తెలిసుండాలి. గుంపు ఒక షాట్, ట్యాంకర్ ఒక షాట్. రెంటినీ పక్కపక్కన పెడితే చాలు, రెండూ ఒకేచోట ఉన్నట్టు మన కన్నే కలిపేసుకుంటుంది. మధ్యనున్న దూరం తెలియాలంటే కెమెరా కట్ లేకుండా ఇటునుంచి అటు తిరగాలి. లేదా దూరంగా నిలబడి రెంటినీ ఒకే ఫ్రేములో పట్టాలి.

ఈ కాల్పుల నుంచి మొదలుపెట్టి ఆనంద్ పట్వర్ధన్ 14 ఏళ్లపాటు చిత్రీకరించిన సినిమా 'జై భీమ్ కామ్రేడ్' (2011). కాల్పులు జరిగిన కొద్దిరోజులకే కవిగాయకుడు విలాస్ ఘోగ్రే ఉరేసుకున్నాడు. వామపక్ష గాయకుడు, చనిపోయేప్పుడు తలకు నీలిగుడ్డ కట్టుకున్నాడు. ఆయన పాట పట్వర్ధన్ 1985లో తీసిన 'హమారా షహర్'లో ఉంది. ఆ పాత దృశ్యాన్ని తెచ్చి ఇందులో పెట్టడంతో చనిపోయిన మనిషి మళ్లీ మన ముందు పాడతాడు. వ్యాఖ్యాత పదిమాటలు చెప్పినా ఇంత పనిచెయ్యవు. సినిమా మూడు గంటలు దాటిందని విసుక్కునేవాళ్లున్నారు. వాడల్లో పాడేవాళ్లను మధ్యలో కొయ్యకుండా పాడనిస్తే అంతసేపు పడుతుంది మరి. అయితే కెమెరా పట్టిందీ, కత్తెర పట్టిందీ వాడ బయటి మనిషే. ఆ మాట కూడా చర్చకు రావాలి.