తాను అరిగి, లారీని కాచే బుష్

ఆగి ఉన్న సరుకు లారీ చక్రాల వైపు ఎప్పుడైనా పరిశీలనగా చూశారా? ఇరుసుమీద ధనుస్సులా వంగిన ఉక్కు పట్టీల కట్ట కనిపిస్తుంది. అదే కమాను కట్ట. టన్నుల బరువు మోసేదీ, గుంతల కుదుపులను మింగేదీ అదే.

ఒక చిన్న ప్రయోగం చేద్దాం. 15 సెంటీమీటర్ల అట్టముక్కను కొసల మధ్య 13 సెంటీమీటర్లు ఉండేటట్లు వంచి, బల్లమీద వంతెనలా నిలపండి. నడుమ వేలితో నొక్కండి. ఏమైంది? వంపు తగ్గి, కొసలు దూరంగా జరిగాయి! బరువు పడినప్పుడు కమాను కూడా అంతే. దాని రెండు కొసలనూ కదలకుండా బిగిస్తే పట్టీ విరుగుతుంది. అందుకే ఒక కొసను పిన్నుతో లారీ చట్రానికి తగిలిస్తారు. రెండో కొసను ఉయ్యాలలా ఊగే 'షాకిల్'కు తగిలిస్తారు.

పట్టీ కొసను గుండ్రంగా చుట్టగా ఏర్పడిన రంధ్రాన్ని 'కన్ను' అంటారు. చక్రం గుంతలో పడిన ప్రతిసారీ ఈ కన్ను పిన్ను చుట్టూ కాస్త తిరుగుతుంది. ఉక్కుతో ఉక్కు ఒరుసుకుంటే రెండూ చెడతాయి. కనుక మధ్యలో కంచుతో చేసిన చిన్న గొట్టం దూరుస్తారు. అదే బుష్. కంచు ఈ ఉక్కుకంటె మెత్తన; ముందుగా అరిగేది అదే. ఖరీదైన కమానును కాచేందుకు చవకైన బుష్ అరుగుతుందన్నమాట! కొన్ని లారీలలో రబ్బరు బుష్‌లూ ఉంటాయి. వాటికి గ్రీజు పెట్టరాదు, రబ్బరు ఉబ్బి చెడుతుంది.

కంచు బుష్‌కు మాత్రం గ్రీజు ప్రాణం. అది అందక దుమ్ము చేరితే, గుండ్రని రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి మారుతుంది. అప్పుడు ఇరుసు తన చోటునుంచి జరుగుతుంది. లారీ ఒక పక్కకు లాగుతుంది. టైర్లు ఒక వైపే అరుగుతాయి. నిండు బరువుతో పోయే లారీ అలా లాగితే డ్రైవరుకే కాదు, పక్కన సైకిలుమీద వెళ్ళే మీకూ ప్రమాదమే.

మరి బుష్ ఎలా మారుస్తారు? విజయవాడ ఆటోనగర్ వంటి చోట ఈ పని చూడవచ్చు. మెకానిక్కు ముందు చక్రాలకు అడ్డుదిమ్మలు పెడతాడు. జాకీతో చట్రాన్ని ఎత్తి, కింద గట్టి స్టాండ్లు నిలుపుతాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మి లారీకిందికి దూరడం ప్రాణాంతకం. అది ఒరిగితే తప్పించుకునే వ్యవధి ఉండదు. కమానుమీద బరువు తగ్గాక పిన్ను తీసి, పాత బుష్‌ను ప్రెస్సుతో నెట్టి, కన్ను శుభ్రంచేసి కొత్తది తిన్నగా దించుతాడు. వంకరగా దిగితే పిన్ను పట్టేస్తుంది. అరిగిన పిన్నునూ మార్చాలి. లేకుంటే కొత్త బుష్‌లోనూ అది వదులుగానే ఆడుతుంది. చివరకు అంచులనుంచి బయటికి వచ్చేదాకా గ్రీజు ఎక్కిస్తాడు.

ఇప్పుడు మీ సైకిలు చూడండి. తాను అరిగి, మరొకదాన్ని కాచే భాగం అందులో ఏదో చెప్పగలరా?