తూటా డొల్లలు: ఏరుడెందుకు? ఎట్లా?

పెబ్బేరు నుంచి వెళ్లి డల్లాస్‌లో స్థిరపడ్డ కొడుకు ఆదివారం పూట షూటింగ్ రేంజికి పోయి, వచ్చేటప్పుడు సంచెడు ఖాళీ ఇత్తడి డొల్లలు మోసుకొచ్చాడనుకుందాం. వాటిని బల్ల మీద పరిచి గంటలకొద్దీ ఏరుతుంటే, చూడ్డానికి వెళ్లిన తండ్రికి వచ్చే అనుమానాలు ఇలా ఉంటాయి.

"కాల్చినంక మళ్లా పనికొస్తదా?"

వస్తుంది. తూటాలో ఉండేవి నాలుగు: నిప్పు పుట్టించే ప్రైమర్, మందు, ముందుకు దూసుకెళ్లే గుండు, వీటన్నిటినీ పట్టి ఉంచే డొల్ల. మొదటి మూడూ కాల్పుతో అయిపోతాయి, డొల్ల మిగులుతుంది. మందు మండగానే అది ఉబ్బి తుపాకీ గదిని అంటుకుంటుంది. వేడి గాలి వెనక్కి తన్నకుండా మూసేస్తుంది. మరుక్షణం కాస్త ముడుచుకుని సులువుగా బయటికొస్తుంది. ఈ సాగే గుణం కోసమే సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడిని ఎంచుకున్నారు. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్ముకునే వ్యాపారానికైతే కావాలి. మన దేశంలో అట్లా కాదు. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఇక్కడ చేనులోనో చెలకలోనో డొల్ల కనబడితే పోలీసులకు అప్పగించడమే మంచిది.

"అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయి గదా, ఏరుడెందుకు?"

చూపుకు ఒక్కతీరుగా ఉంటాయి కాబట్టే ఏరాలి. 9 ఎంఎం డొల్ల పొడవు 19 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ, .380 ఆటోది 17 పైచిలుకు. గుప్పెట్లో కలిసిపోతే కన్ను పోల్చుకోలేదు. అందుకే ప్రతిదాని అడుగు తిప్పి, అక్కడ కొట్టిన ముద్ర చదవాలి.

అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. పేలని తూటా ఏదైనా కలిసిందేమో చూసి వేరుగా పెట్టాలి. ఆ తర్వాత అయస్కాంతం ఆడిస్తే ఉక్కువి అంటుకుంటాయి. ఇత్తడి పూత పూసిన ఉక్కు కూడా ఇక్కడే దొరికిపోతుంది. .22 డొల్లలను అసలు ఏరనే వద్దు. వాటికి విడిగా ప్రైమర్ ఉండదు, ఆ రసాయనం అడుగు అంచులోనే ఉంటుంది. పిన్ను తగిలి అంచు నొక్కుకుపోయాక మళ్లీ నింపడం కుదిరే పని కాదు. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ పోటీలో కాల్చేవి ఈ .22 తూటాలే.

తర్వాత డొల్ల లోపలికి చూడాలి. అడుగున నడిమధ్య ఒకటే బెజ్జం ఉంటే బాక్సర్ రకం, పాత ప్రైమర్‌ను పిన్నుతో తోసేయొచ్చు. పక్కపక్కన రెండు చిన్న బెజ్జాలుంటే బెర్డన్ రకం, తోయబోతే పిన్నే విరుగుతుంది. తమాషా ఏమిటంటే బాక్సర్ ఆంగ్లేయుడు, బెర్డన్ అమెరికన్. కానీ అమెరికా తూటాల్లో నిలిచింది బాక్సర్ పద్ధతి, బెర్డన్ పద్ధతి యూరప్‌కు పోయింది. .45 ఏసీపీలో ఇంకో చిక్కుంది. కొన్నిటి ప్రైమర్ గుంత పెద్దది, కొన్నిటిది చిన్నది, డొల్ల మాత్రం అదే. ఏరకుండా తూటాలు నింపే యంత్రంలో పెడితే పెద్ద ప్రైమర్ చిన్న గుంత మీద నొక్కుకుని పేలే ప్రమాదముంది.

రైఫిల్ డొల్లల అడుగు ముద్రలో వలయం లోపల కూడిక గుర్తు ఉంటే అది నాటో సైన్యం సరుకు. 7.62 రకంలో డొల్ల గోడలు చాలావరకు మందంగా ఉంటాయి. లోపల చోటు తగ్గితే అదే మందుకు ఒత్తిడి పెరుగుతుంది. అందుకే వాటిని మామూలు .308 కుప్పలో కలపరు.

"పగిలింది ఎట్ల ఎరుకైతది?"

కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూసినట్టే, ఇక్కడ కూడా చెవితోనే సగం పని. గుప్పెడు డొల్లల్ని అరచేతిలో కుదిపితే మంచివి గలగలమంటాయి, చీలినదాని చప్పుడు మొద్దుగా వస్తుంది. కాల్చిన ప్రతిసారీ, మళ్లీ కొలతకు నొక్కిన ప్రతిసారీ ఇత్తడి గట్టిపడి పెళుసవుతుంది, చివరికి మూతి దగ్గర చీలుతుంది. రైఫిల్ డొల్లల్లో దీనికంటే భయపడాల్సింది అడుగుకు కాస్త పైన కనబడే మెరిసే గీత. గోడ లోపల పలచబడుతోందని దాని అర్థం. చివర వంచిన సన్నతీగను లోపలి గోడ వెంట లాగితే, గాడి ఉన్నచోట చేతికి తగులుతుంది. తగిలిందా, ఇక అది తుక్కే.

"చింతపండేసి తోమొచ్చా?"

ఆలోచన సరైనదే. చింతపండులోని పులుపు ఇత్తడి మీది నలుపును కరిగిస్తుంది, అమెరికాలో అదే పనికి నిమ్మ ఉప్పు నీళ్లు వాడతారు. ఎక్కువసేపు నానబెడితే మాత్రం జింకు కరిగిపోయి డొల్ల గులాబీ రంగుకు తిరుగుతుంది, బలం పోతుంది. అమోనియా ఉన్న పాలిష్ అసలు తాకించొద్దు. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే, వానాకాలం నిల్వ ఉంచిన తూటాలు కాల్చకముందే చీలిపోయేవి. గుర్రపుశాలల నుంచి వచ్చే అమోనియా, తేమ, ఇత్తడిలో మిగిలిన బిగువు కలిసి చేసిన పని అదని 1921లో తేల్చారు.

తోమడం వంటింట్లో మాత్రం వద్దు. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. ఆ పాత్రలు వేరుగా ఉంచాలి, ఏరడం అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి. మెరుపు చూసి మోసపోకూడదు. తళతళలాడే డొల్లకు అడుగున గీత ఉండొచ్చు, నల్లబడ్డది నిక్షేపంగా ఉండొచ్చు. పనికిరావని తేలినవాటిని పటకారుతో మూతి నొక్కి చదును చేసి తుక్కు డబ్బాలో వేస్తే, మళ్లీ ఎవరి చేతిలోనూ మంచివాటితో కలవవు.