పేద నేల కన్న పూలరాజు

దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టును ‘ప్రొటీస్’ అని రాయడం మన పత్రికల క్రీడా పుటల్లో ఏనాటి నుంచో ఉన్నదే గాని, ఆ పేరుకు మూలమైన ప్రొటియా పువ్వును దగ్గరగా చూసినవారు తెలుగు నాట చాలా తక్కువ. ఆ దేశానికి 1976 నుంచి జాతీయ పుష్పంగా ఉన్న కింగ్ ప్రొటియా విచ్చుకున్నప్పుడు దాని అడ్డుకొలత 30 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఒకే పువ్వుగా కనిపించే ఆ ఆకారం నిజానికి వందలాది సన్నని పూలు ఒకే పీఠం మీద కిక్కిరిసి నిలిచిన శీర్ష విన్యాసం, అంటే మన పొద్దుతిరుగుడులో కనిపించే అమరికే. చుట్టూ రేకుల్లా నిలిచే గులాబి రంగు భాగాలు కూడా ఆకర్షక పత్రాలు కావు. మొగ్గను కాపాడడానికి ఏర్పడి, రంగు తేలిన ఆకులు. వృక్షశాస్త్రం వీటిని పుచ్ఛాలు అంటుంది. వేలితో తడిమితే తోలులా గట్టిగా తగిలే ఈ పుచ్ఛాల వెలుపలి వైపు వెండి వన్నె నూగు పరచుకొని ఉంటుంది.

ప్రొటియేసీ అనే ఈ కుటుంబం చాలా పాతది. దక్షిణార్ధ గోళంలోని భూభాగాలన్నీ గోండ్వానా అనే ఒకే ఖండంగా ఉన్న కాలం నాటి వంశం కనుకనే దీని శాఖలు నేడు ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాలలో విడివిడిగా కనిపిస్తాయి. అరకు, పాడేరు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచుతూ మిరియాల తీగను పాకించే సిల్వర్ ఓక్ చెట్టు ఈ కుటుంబానిదే. తూర్పు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆ చెట్టు మన్యంలో ఇంటి చెట్టైపోయినా, దాని బంధువులను గురించి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు.

ప్రొటియాకు అసలు పుట్టిల్లు కేప్ ప్రాంతం. ఆఫ్రికా ఖండపు నైరుతి కొసన, చలికాలంలో వానలు, వేసవిలో ఎండ, హోరుగాలి ఉండే ఈ కొండసీమలో పొదలతో నిండిన సహజ వృక్షసంపదను ఫిన్‌బాస్ అంటారు. సుమారు 9,000 జాతుల మొక్కలు పెరిగే ఈ పుష్పసీమలో మూడింట రెండు వంతులకు పైగా జాతులు ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించవు. యునెస్కో 2004లో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇంత వైభవమూ ఇసుకరాయి అరిగి ఏర్పడిన, సారం లేని ఆమ్ల నేలలో వికసించిందన్న సంగతి మీదే ప్రొటియా సేద్యమంతా ఆధారపడి ఉంది.

సాధారణంగా పైర్ల వేళ్లకు కొన్ని శిలీంధ్రాలు తోడై, నేలలోని భాస్వరాన్ని అందిస్తాయి. ప్రొటియా కుటుంబానికి ఆ తోడు లేదు. దానికి బదులుగా ఈ మొక్కలు తడి కాలంలో నేల పైపొరలో, రాలిన ఆకుల కిందుగా, దూదిపింజల్లా దట్టంగా అల్లుకున్న నూగువేళ్ల గుత్తులను తొడుగుతాయి. ఆ గుత్తులు సిట్రిక్ ఆమ్లం వంటి ఆమ్లాలను వదిలి, మట్టి రేణువులు గట్టిగా పట్టి ఉంచిన కాస్తంత భాస్వరాన్నీ కరిగించి పీల్చుకుంటాయి. ఇలా కరవు నేలలో బతకడానికి అలవడిన వేళ్లకు చాలునని ఆగడం సరిగా తెలియదు. సూపర్ ఫాస్ఫేటో డీఏపీయో వేస్తే మొక్క మితి లేకుండా పీల్చుకొని, ఆకులు పాలిపోయి, అంచులు మాడి, కొన్నాళ్లకే చచ్చిపోతుంది. కాబట్టి ఈ పంట చేపట్టే రైతు ఏమి వేయాలన్న దానికంటే ఏమి వేయకూడదన్నదే ముందుగా తెలుసుకోవాలి. మొక్కల మధ్య గుంటక తోలడం, గొప్పు తవ్వడం కూడా కూడదు; పైపొరలోని గుత్తివేళ్లు తెగితే మొక్కకు మేత అందదు.

ఈ స్వభావం తెలియని చోట్ల ప్రొటియా ఎంత వేగంగా వెలిగిందో అంత వేగంగా ఆరిపోయింది. పద్దెనిమిదో శతాబ్దపు చివర, పంతొమ్మిదో శతాబ్దపు మొదట కేప్ మొక్కలు యూరప్ సంపన్నుల గాజు గృహాల్లో గొప్ప మోజుగా మారాయి. జోసెఫ్ నైట్ 1809లోనే లండన్‌లో వీటి పెంపకం మీద ఒక గ్రంథం ప్రచురించాడు. అయితే ఉష్ణమండలపు మొక్కల కోసం గాజు గృహాలను వేడిగా, తేమగా ఉంచే పద్ధతులు రాగానే, పొడిగాలిని కోరే ప్రొటియాలు వాటిలో నిలవలేకపోయాయి. లండన్‌లోని క్యూ ఉద్యానంలో కింగ్ ప్రొటియా 1986లో పూసినప్పుడు, అక్కడ దాదాపు 160 ఏళ్ల తరువాత అది పూయడం అదే తొలిసారి.

పొలం పంటగా దీని చరిత్ర ఇటీవలిదే. అడవి నుంచి కోసుకొచ్చి అమ్మే పువ్వును తోటలోకి తెచ్చినవారిలో ఫ్రాంక్ బాచెలర్‌ను ముందుగా చెప్పుకోవాలి. స్టెల్లెన్‌బాష్ దగ్గరి డెవన్ లోయలో ఆయన 1940లలో నెలకొల్పిన ప్రొటియా హైట్స్ క్షేత్రంలో వేలాది నారుమొక్కల నుంచి మంచివాటిని ఏరి వృద్ధి చేశాడు. కడకు ఆ క్షేత్రాన్ని ప్రకృతి సంరక్షణ సంస్థకు దానంగా ఇచ్చాడు. వృక్షశాస్త్రజ్ఞురాలు మేరీ వోట్స్ తన పరిశోధనతో, పుస్తకాలతో ఈ సేద్యానికి శాస్త్రీయమైన పునాది వేసింది. తరువాత ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఇజ్రాయెల్, హవాయిలలోనూ తోటలు వెలిశాయి. హవాయిలోని మావి ద్వీపంలో హలేయాకలా అగ్నిపర్వతపు వాలు మీదున్న కూలా ప్రాంతం పిన్‌కుషన్‌లకు పేరుపొందింది. సూదులు గుచ్చిన దిండులా కనిపించే ల్యూకోస్పెర్మమ్ పూలను వాడుకలో పిన్‌కుషన్ అంటారు. ఆ సూదులన్నీ ఒక్కో పూవు నుంచి బయటికి సాగిన కీలాలు. పువ్వు కంటే రంగుటాకుల కోసం పెంచే ల్యూకడెండ్రన్ ఇదే వరసలో మూడోది. న్యూజిలాండ్‌లో సంకరపరచిన ‘సఫారీ సన్‌సెట్’ అనే ఎర్రని రకం పూలగుత్తుల వ్యాపారంలో స్థిరపడిపోయింది.

తోట పనిలో నేర్పంతా కత్తెరలో ఉంది. మార్కెట్ పొడవైన కాడను కోరుతుంది కనుక కోతనే కత్తిరింపుగా మలచుకొని, ప్రతి కొమ్మకూ కింద కొన్ని ఆకులున్న మొదలును మిగల్చాలి. ఆకు లేని పాత చెక్కలోకి కోస్తే చాలా రకాలు మళ్లీ చిగురించవు. కింగ్ ప్రొటియాకు మాత్రం నేలమట్టంలో ఉబ్బిన మొదలు ఉంటుంది. కార్చిచ్చులో పైభాగం కాలిపోయినా దాని నుంచే కొత్త రెమ్మలు లేస్తాయి. కోసిన పువ్వు విషయంలో పెద్ద చిక్కు ఆకు నల్లబడడం. తేనె అధికంగా ఊరే పూత తన కాడ ఆకుల్లోని చక్కెరను లాగేసుకుంటుంది. చీకటి పెట్టెల్లో ప్రయాణించేటప్పుడు ఆకులు కొత్తగా చక్కెర తయారు చేసుకోలేక కొద్ది రోజుల్లోనే నల్లబడతాయి. పువ్వు నవనవలాడుతున్నా అమ్మకానికి పనికిరాదు. అందుకే తెల్లవారుజామున కోసి, వెంటనే చల్లబరచి, చక్కెర ద్రావణం పట్టించి, వెలుతురులో ఉంచడం పెంపకందారులు పాటించే జాగ్రత్తలు.

పువ్వును పెంచడంతో పాటు దాన్ని ఎలా చూపాలన్న విషయంలోనూ కేప్ వాసుల పద్ధతి ఆదర్శప్రాయం. లండన్‌లోని చెల్సీ పుష్పప్రదర్శనలో 1976 నుంచి కిర్‌స్టెన్‌బాష్ ఉద్యానం పేరిట సాగిన దక్షిణాఫ్రికా ప్రదర్శన, పూలను కుండీల వరసగా కాక, అవి పుట్టిన కొండల, రాళ్ల దృశ్యంతో కలిపి చూపి ఎన్నోసార్లు బంగారు పతకాలు గెలుచుకుంది. పువ్వుతో పాటు దాని తావు కూడా చూపినప్పుడే చూసేవారికి దాన్ని కాపాడాలన్న తలంపు కలుగుతుంది. ఆ అవసరం ఊహామాత్రం కాదు. చాలా ప్రొటియాలు తమ విత్తనాలను ఎండిన పూతలలో ఏళ్ల తరబడి దాచి, కార్చిచ్చు వచ్చి తల్లిమొక్క కాలినప్పుడే నేలకు వదులుతాయి. మంటలు మరీ తరచుగా వచ్చినా, అడవి పూలను అతిగా కోసినా ఆ నిల్వ తరిగి తరువాతి తరం మొలవదు. గాన్స్‌బాయ్ సమీపంలోని ఫ్లవర్ వ్యాలీ క్షేత్రాన్ని 1999లో ఒక సంరక్షణ సంస్థ తోడ్పాటుతో కొని, ఫిన్‌బాస్‌ను దున్నకుండా, హద్దుకు లోబడి పూలు కోసి జీవనోపాధి కల్పించే ప్రయత్నం మొదలైంది. సహజ వనాన్ని పెకలించి ప్రొటియా వరసలు నాటడం కంటే ఈ మార్గం ఎంతో మేలైనది.

చేవెళ్ల పరిసరాల్లో పాలీహౌస్‌లలో జెర్బెరా పండిస్తున్నవారికీ, విదేశీ మొక్కలను మన పెరళ్లకు అలవాటు చేసిన కడియం నర్సరీలకూ ఈ పువ్వు మీద ఆశ కలగడం సహజమే. కాని మన మైదానాల్లో వానలు వేడి కాలంలోనే కురుస్తాయి. వెచ్చని తడి నేలలో ఫైటోఫ్తొరా అనే వేరుకుళ్లు సూక్ష్మజీవి విజృంభిస్తుంది, ప్రొటియాకు అదే ప్రధాన శత్రువు. పైగా నల్లరేగడి నీరు పట్టే క్షార స్వభావపు నేల. ఏళ్లుగా డీఏపీ తాగిన ఎర్ర చెలకల్లో భాస్వరం పేరుకొని ఉంటుంది. సిల్వర్ ఓక్ పెరిగింది కదా అని మన్యంలో ప్రొటియా కూడా పెరుగుతుందని తేల్చడానికి వీల్లేదు. పూల ఫొటోలు చూపి మొక్కలు అంటగట్టే వ్యాపారులకు బయానా ఇచ్చే ముందు రైతు చేయవలసినవి రెండే: భాస్వరం, ఆమ్లత్వం తెలిపే మట్టి పరీక్ష చేయించుకోవడం; నాలుగైదు మొక్కలను రెండు వానాకాలాలు గడిచేదాకా గమనించడం.