మిరపపంటయు స్త్రీల విత్తనజ్ఞానమును

ప్రకృతి ధ్వంసమును, స్త్రీల యణచివేతయు నొకే మూలమునుండి పుట్టినవని వాదించు భావధారకు పర్యావరణ స్త్రీవాదమని పేరు. ఫ్రెంచి రచయిత్రి ఫ్రాన్స్వాజ్ దోబొన్ 1974లో ఈ పేరును వ్యాప్తిలోనికి తెచ్చినది. 1988లో వెలువడిన వందనా శివ గ్రంథము దీనికి మన దేశమున ప్రచారము కలిగించినది. గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి నేలలలో ఈ వాదము ఎంతవరకు నిలుచునో చూడదగినది.

మొదట మాటను చూతము. మిరప అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసు వర్తకులతో 16వ శతాబ్దమున మన దేశమునకు వచ్చినది. దాని పేరునకు మిరియముతో చుట్టరికము కలదు. తమిళమున మిళగునకు మిళగాయి యెట్లో, ఇదియు నట్లే. శ్రీనాథుని పేర ప్రచారమునందున్న చాటువులు పల్నాటి జొన్నకూటిని ఎత్తిపొడిచినవి. ఆ కూటిలో కారమేదైన నున్నచో నది మిరపది మాత్రము కాజాలదు. గొడ్డుకారము వయస్సు అయిదువందల యేండ్లకు మించదు. కావున స్త్రీకిని మిరపకును గల సంబంధము అనాదిసిద్ధమనుటకు వీలులేదు; అది చేతిపనివలన నేర్పడినది.

ఆ పని యెట్టిది? కాయ కోయుట, కల్లమున ఎండబోయుట, తాలుకాయ నేరుట, తొడిమ తీయుట. ఇవి యెక్కువగా కూలి స్త్రీల పనులు. తొడిమ తీసిన చేతులు రాత్రియంతయు మండును. వెనుక విత్తనపుకాయ నేరుటయు కల్లముననే జరిగెడిది. బాగుగా పండి, మచ్చలేని కాయను వేరుచేసి, ఎండించి, గింజను కుండలో దాచెడివారు. ఏ చెట్టు కాయ యెంత కారమో, ఏది నిలువకు ఆగునో ఏరిన చేతికి తెలియును. సంకరవిత్తనము వచ్చుటతో ఈ విద్యకు పని లేకపోయినది. దాని గింజ మరుసటి యేట తల్లిగుణమును నిలుపుకొనదు, ప్రతియేట కొనవలసినదే. విత్తనముపై మాట చెల్లుబాటు కల్లమునుండి అంగడికి మారినది.

ప్రత్తి కథ మరింత దారుణము. 1987–88లో తెల్లదోమ తాకిడికి ఈ మండలముల పంట నాశనమై, పురుగుమందుల అప్పులతో రైతులు ఆత్మహత్యలు చేసికొనిరి. అప్పు ఆలుబిడ్డలకు మిగిలినది. పొలము పట్టా మాత్రము తరచు ఆ స్త్రీల పేర లేదు.

స్త్రీకి ప్రకృతితో గల బంధము స్వభావసిద్ధము కాదనియు, అది శ్రమవిభజనమును, ఆస్తిని, వర్గమును బట్టి యేర్పడుననియు బీనా అగర్వాల్ 1992లో శివ వాదమును విమర్శించినది. నాకీ మాటయే సమంజసముగా తోచుచున్నది. జహీరాబాదు చెంత పస్తాపూరున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల దళిత స్త్రీలు జొన్న, కొర్ర, పప్పుధాన్యముల విత్తనములను తిరిగి ఇండ్లకు తెచ్చుకొనిరి. వారు విత్తనముతోపాటు భూమిని కౌలునకు తీసికొని సాగుచేసిరనుట మరువరాదు.

దంపుడుపాటలను సేకరించు మన పరిశోధకులు పాటను వ్రాసికొని వచ్చుచున్నారు. రోట దంచినదేమి, ఆ గింజ యెవరు దాచినదని యడిగినవారు అరుదు. విత్తనపు కుండ నెరిగిన స్త్రీలు నేడు వృద్ధులు.