గీజర్ కింద చుక్కలు పడుతున్నాయా? ఆ పైపు మూయకండి

ఈ ఎపిసోడ్ మా పిడుగురాళ్ల ఇంట్లో, గీజర్ కిందే నిలబడి చేస్తున్నా. మొన్న దీన్ని సర్వీసింగ్‌కి విప్పించాం. లోపల నుంచి వచ్చింది ఇదిగో, హీటింగ్ ఎలిమెంట్. పెన్సిల్ లావు ఉండాల్సిన రాడ్డు మొక్కజొన్న కంకిలా తయారైంది.

ఈ తెల్లటి పెచ్చు ఏంటో మా ఊరోళ్లకి చెప్పక్కర్లేదు. సున్నపురాయే! బట్టీల్లో కాల్చే రాయి ఏదైతే ఉందో, అదే మన బోరు నీళ్లలో కరిగి ఉంటుంది. నీళ్లు వేడెక్కగానే రాడ్డుకి పట్టుకుని మళ్లీ రాయి అవుతుంది. దాంతో రాడ్డులో వేడి నీళ్లలోకి పోదు, రాడ్డే మాడుతుంది. ముందు కరెంట్ బిల్లు పెరుగుతుంది. తర్వాత ఒకరోజు పైన ఉన్న లోహపు గొట్టం పగులుతుంది. అప్పుడు లోపలి కరెంట్ తీగకి నీళ్లు తగులుతాయి. ఆ నీళ్లే మన షవర్‌లో వచ్చేది.

2022 అక్టోబర్‌లో హైదరాబాద్ లంగర్‌హౌజ్ దగ్గర ఖాదర్‌బాగ్‌లో కొత్తగా పెళ్లయిన జంట బాత్‌రూమ్‌లో చనిపోయారు. ఆయన డాక్టర్, ఆమె మెడిసిన్ చదువుతోంది. గీజర్ వల్లే షాక్ కొట్టిందని పోలీసులు అనుమానించారు. ఇద్దరూ నాకంటే చిన్నవాళ్లే.

"మా ఇంట్లో ఎంసీబీ ఉంది కదా బ్రో" అంటారు. ఉంటే మంచిదే, కానీ అది వైరింగ్‌ని కాపాడేది, మిమ్మల్ని కాదు. 2000 వాట్ల గీజర్ తొమ్మిది ఆంప్స్ దాకా లాగుతుంది, దానికి 16 ఆంప్స్ ఎంసీబీ పెడతారు. మనిషి ప్రాణం తీయడానికి అందులో ఐదొందలో వంతు కరెంట్ చాలు. అంత చిన్న లీకేజీ ఎంసీబీకి కనపడనే కనపడదు. దాన్ని పట్టేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంట్, తిరిగొచ్చిన కరెంట్ లెక్క చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంప్స్ తేడా వచ్చిందా, రెప్పపాటులో కట్. దానికి తోడు ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. ప్లగ్గుకి మూడు పిన్నులు ఉన్నంత మాత్రాన గోడలో ఎర్త్ వైర్ ఉన్నట్టు కాదు. ఎలక్ట్రీషియన్ అన్నని పిలిచి మీటర్ పెట్టి చూపించమనండి.

ఇప్పుడు రెండో సంగతి. ఇదిగో, గీజర్ కింద చిన్న వాల్వ్. దీన్నుంచి చుక్కలు పడుతుంటే మా నాన్న "ఏరా, దీనికేదన్నా బిరడా కొట్టించకూడదూ?" అన్నారు. ఒక ప్లంబర్ నిజంగానే మూసేసి పోయాడు. సర్వీసింగ్ రోజే అది బయటపడింది. నాకు చెమటలు పట్టాయి.

ఎందుకంటే 25 లీటర్ల నీళ్లు 25 నుంచి 75 డిగ్రీలకి వేడెక్కితే అర లీటరుకి పైగా పెరుగుతాయి. చన్నీళ్ల పైపులోకి వెనక్కి పోకుండా ఈ వాల్వ్ ఆపుతుంది. ఆ ఎక్కువైన నీళ్లే చుక్కలుగా బయటికి వస్తాయి. అంటే గీజర్ వేడెక్కేటప్పుడు కాస్త కారడం రిపేర్ కాదు, దాని డ్యూటీ. ఇరవై నాలుగ్గంటలూ ధారగా కారితేనే మెకానిక్‌ని పిలవాలి. థర్మోస్టాట్ పాడై ఆగకపోతే కటౌట్ ఆపాలి. కటౌట్ కూడా పోతే చివరికి మిగిలేది ఈ వాల్వే. దాన్ని మూస్తే నీళ్లు వందకి పైన కూడా ఆవిరి కాకుండా ప్రెజర్‌లో కూర్చుంటాయి. ట్యాంక్ ఎక్కడ పగిలితే అక్కడ ఒక్కసారిగా ఆవిరవుతాయి. ఆవిరికి నీళ్ల కంటే 1600 రెట్లు చోటు కావాలి. బాత్‌రూమ్ గోడలు కూలేది అందుకే. ఆఫీసులో ఎర్రర్ మెసేజ్ చిరాకని అలర్ట్ ఆఫ్ చేసేవాళ్లని చూశా గానీ, ఇంట్లో కూడా అదే పని జరుగుతుందనుకోలేదు.

హాస్టల్లో బకెట్‌లో రాడ్డు పెట్టే తమ్ముళ్లూ, వేలు పెట్టి చూసేముందు ప్లగ్గు పీకండి, అంతే.

మా ఇంట్లో కొత్త ఎలిమెంట్ వేయించాం, వాల్వ్ మార్పించాం, నాబ్ 75 నుంచి 60కి తగ్గించాం. వేడి తగ్గితే పెచ్చు కట్టడమూ తగ్గుతుంది. మన నీళ్లకి ఏడాదికోసారి విప్పించాల్సిందే. స్నానానికి వెళ్లేముందు స్విచ్ ఆఫ్ చేయడం మా అమ్మకి ఎప్పట్నుంచో అలవాటు. ఇన్నాళ్లూ అది బిల్లు కోసం అనుకున్నా. ఆర్‌సీసీబీ ఈ ఆదివారం పెట్టిస్తున్నాం, అది కూడా షూట్ చేసి చూపిస్తా.