మదర్‌బోర్డులో దాగిన లోపం

నడుస్తున్న కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోతే మనం ముందుగా కరెంటును శంకిస్తాము. తప్పు మదర్‌బోర్డుపై ఉన్న ఒక చిన్న కెపాసిటరుది కావచ్చును.

ప్రాసెసరు చుట్టూ నిలువుగా కనిపించే చిన్న డబ్బీలే ఈ కెపాసిటర్లు. విద్యుత్తులోని ఒడిదుడుకులను సరిచేసి ప్రాసెసరుకు అందించడం వీటి పని. లోపల అల్యూమినియం రేకుల మధ్య ద్రవంలో తడిపిన కాగితముంటుంది. ఆ ద్రవంలోని నీరు రేకును తినివేయకుండా కొన్ని రసాయనాలు కలపాలి. 1999-2007 మధ్య తయారైన అనేక కెపాసిటర్లలో ఈ ద్రవమే లోపభూయిష్టం. అందువల్ల హైడ్రోజన్ వాయువు పుట్టి, డబ్బీ ఉబ్బి, పగిలేది. విచిత్రమేమంటే, ఆ బోర్డులు ఫ్యాక్టరీ పరీక్షలో నెగ్గినవే! ఒకటి రెండేళ్ల తరువాతనే రోగం బయటపడింది. కొద్ది రూపాయల వస్తువు మూలంగా డెల్ సంస్థ 2005లో 30 కోట్ల డాలర్లు మరమ్మతులకు కేటాయించవలసి వచ్చింది.

మంచి కెపాసిటరుకైనా వేడి శత్రువే. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుర్దాయం ఇంచుమించు సగమవుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన నంగునూరులో దుమ్ము పట్టిన ఫ్యాను ఎంత చేటో ఊహించవచ్చును. ద్రవం లేని పాలిమర్ కెపాసిటర్లు తరువాత వాడుకలోకి వచ్చాయి.

పాత కంప్యూటరు కొనే విద్యార్థులు ప్లగ్గు తీసి, మూత విప్పించి, డబ్బీల నెత్తులు చదునుగా ఉన్నవో లేవో చూడాలి. ఉబ్బినవి కనిపిస్తే బేరమాడవద్దు.